కర్రకి టిక్కెట్టు

తెల్లారుజామున తొలి బస్సులో
నా పక్క సీట్లో కర్ర కూర్చుంటుంది.
కాదు, నిలబడుతుంది, నా చెవి దాకా.
"ఎవుల్ని కొట్టడానికమ్మా?" అంటాడు కండక్టరు.
"ఎవుల్నీ కాదు బావూ, తిప్పడానికి."
"తిప్పితే ఏటొస్తాది?"
"చెమటొస్తాది."
కర్రకి కూడా టిక్కెట్టు కొట్టేవాడిలా చూసి
కొట్టకుండానే వెళ్ళిపోతాడు.

కంచరపాలెంలో నాది కుట్టుమిషను కొట్టు.
ఇరవై రెండేళ్ళు తల వంచి
ఊళ్ళో జబ్బలన్నీ కొలిచాను.
మెడ ఒకనాడు వంగినచోటే ఉండిపోయింది.
డాక్టరమ్మ నడవమంది.
నడిచాను. నాకు నడకంటే విసుగు,
వెళ్ళినదారే తిరిగి రావడం,
కుట్టిందంతా విప్పుకున్నట్టు.

అలా విసుక్కుంటూ నడుస్తున్న ఒక పొద్దున
జోడుగుళ్ళపాలెం ఇసకలో
గాలిని ఎవరో చించుతున్న చప్పుడు.
కొత్త తాను చించినట్టే, సర్రున.
బట్ట చప్పుడు తెలిసినదాన్ని, ఆగిపోయాను.

తవిటినాయుడు గురువుకి డెబ్బై నిండాయి.
డాకుయార్డులో వెల్డింగు చేసి రిటైరయ్యాడు.
వాళ్ళ తాత పండగల్లో డప్పు ముందు
గరిడీ సాము ఆడేవాడట.
ఫీజెంతంటే "టీ తాగించు" అన్నాడు.
వెదురు కోసి, ఆముదం పట్టించి,
నా చెవికి కొలిచి ఇచ్చాడు.
నన్నొకరు కొలవడం అదే మొదలు.

మొదటి వారమంతా కర్ర నన్నే కొట్టింది.
చీలమండ, మోచెయ్యి, ఒకసారి కణత.
నూకరత్నం, పదో తరగతి గుంట,
కడుపు పట్టుకుని ఇసకలో దొర్లింది.
"కర్ర ముందు పట్టినోళ్ళనే కొడతాది.
అలిసిపోయాక సెప్పినమాట ఇంటాది" అన్నాడు గురువు.
మధురవాడ నుంచి స్కూటరు మీదొచ్చే ఫణీంద్ర
అడుగులు లెక్కెట్టే వాచీని విప్పి జేబులో వేశాడు.
ముందుకెన్నో వెనక్కీ అన్నే వేసే అడుగుల్ని
ఎంతని లెక్కెడుతుంది పాపం.

"నేల విడిచి సాము చెయ్యకే" అని
మా అమ్మ నన్ను ఊరికే కసిరేది.
ఆ మాట పుట్టిన చోటు ఇప్పుడు మడమకి తెలిసింది.
నడుం తిరగాలి, పాదం కదలకూడదు.
అల వెనక్కెళ్తూ కాళ్ళకింద ఇసకని లాక్కుపోతుంది.
ఇక్కడ నేలే మనల్ని విడిచి పారిపోతుంది,
సాము దాన్ని పట్టుకోవడానికే.

కార్తీకంలో ఒకరోజు చెమట చేతుల్లోంచి జారి
కర్ర నీళ్ళలో పడింది.
వల బాగుచేసుకుంటున్న ఎల్లాజీ
లుంగీ ఎగ్గట్టి దూకాడు.
"పిన్నీ, ఇది సేప కాదు గదేటి!" అంటూ తెచ్చిచ్చాడు.
ఉప్పు తాగిన వెదురు
ఒకవైపు ఇంకా కాస్త బరువు.
నాకదే అలవాటైపోయింది.

దొంగొస్తే కొడతావా అంటారు వీధిలో.
పామొస్తేనో అంటారు.
పాము చావలేదు, కర్ర విరగలేదు,
నా మెడ మాత్రం అటూ ఇటూ తిరుగుతోంది.
వెనకనుంచి పిలిస్తే
ఒళ్ళంతా తిప్పకుండానే చూస్తున్నాను.
మొన్న నా జాకెట్టుకి రెండు పక్కలా
ఒక్కో కుట్టు లోపలికి వేసుకున్నాను.
మజూరీ లేని కుట్టు.
ఈ ఏడాది వేసినవాటిలో అదే తిన్నగా వచ్చింది.

వీపు వెనక చేతులు మార్చే తిప్పు మాత్రం
ఇప్పటికీ రాలేదు.
సరిగ్గా అక్కడికొచ్చేసరికి
కత్తెర పట్టుకున్నట్టు వేళ్ళు బిగుసుకుంటాయి.
కర్ర పడుతుంది. తీస్తాను.
పడుతుంది.
ఈలోగా సముద్రం మీద పొద్దెక్కిపోతుంది, కొట్టు తెరవాలి.
"రాకపోతే పోనీ, నీకేటి పోటీలున్నాయా?"
గురువు టీ ఊదుకుంటూ అంటాడు.

తిరుగు బస్సులో అదే కండక్టరు.
ఇసక రాలుతున్న నా కాళ్ళవైపు చూసి
"నేర్సీసేవా?" అన్నాడు.
"లేదు" అన్నాను.
ఎందుకో, ఆ మాట చెబుతుంటే
నవ్వొచ్చింది.